కింది గుడి, పై గుడి: ఈస్ట్ హార్లెమ్ కార్మెల్ మాత విచారణను ఎవరు పెట్టినట్టు?

న్యూయార్క్ నగరంలోని ఈస్ట్ హార్లెమ్ పేటలో, 115వ వీధిలో కార్మెల్ మాత గుడి ఉంది. కార్మెల్ మాత అంటే మరియమ్మకే ఒక పేరు. ఆ విచారణ, అంటే ప్యారిష్, ఎప్పుడు పుట్టిందని అడిగితే ఒక్క జవాబు రాదు. 1881 అనేవాళ్లున్నారు, 1882 అనేవాళ్లున్నారు, 1884 అనేవాళ్లూ ఉన్నారు. ఎవరూ తప్పు చెప్పడం లేదు. 1881లో ఇటలీ నుంచి వచ్చిన కూలీలు ఒక సంఘం పెట్టుకున్నారు. 1882లో ఒక ఇంటి పెరట్లో మాత పండుగ చేసుకున్నారు. 1884లో గురువులు (ఫాదర్లు) వచ్చారు, గుడి పని మొదలైంది. నన్నడిగితే ఈ వరుసలో 1919 కూడా చేర్చాలి. ఎందుకంటే అప్పటిదాకా, ఆ గుడి పునాదులు తవ్విన ఇటలీవాళ్లకు పై గుడిలో చోటు లేదు. నేలమాళిగలో పూజ వినేవాళ్లు.

ఒక గుడికి ఇన్ని పుట్టుక తేదీలు ఎందుకున్నాయో, పునాది తవ్వినవాళ్లు కిందే ఎందుకు ఉండిపోయారో తెలియాలంటే అమెరికాలో విచారణ అనేది ఎలా నడిచేదో కొంచెం విప్పి చూడాలి. క్యాథలిక్కులు కాని పాఠకులకు ఒక మాట. ప్యారిష్‌ని తెలుగు క్యాథలిక్కులు విచారణ అంటారు. అది గుడి కట్టడం పేరు కాదు. ఒక గురువు ఎవరి బాగోగులు చూడాలో, ఎవరి జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు, చావులు తన రిజిస్టర్లో రాసుకోవాలో తేల్చే ఏర్పాటు.

పెరట్లో పటం

దక్షిణ ఇటలీలో, సలెర్నో జిల్లాలో పొల్లా అని ఒక చిన్న ఊరు. 1857 డిసెంబర్‌లో వచ్చిన భూకంపం ఆ ఊరిని చాలావరకు కూల్చేసింది. ఆ తర్వాత ఇరవై, ముప్పై ఏళ్లలో పని వెతుక్కుంటూ ఊరు దాటినవాళ్లలో కొందరు న్యూయార్క్‌లో తేలారు. 1870ల్లో ట్రామ్ పట్టాలు వేసే ఐరిష్ కూలీలు సమ్మెకు దిగితే, వాళ్ల బదులు పనికి పెట్టుకోవడానికి ఒక కాంట్రాక్టరు వీళ్లను తీసుకొచ్చాడని ఆ పేటలో చెప్పుకుంటారు. అంటే ఐరిష్‌వాళ్లకీ వీళ్లకీ మధ్య తగవు గుడి మెట్ల దగ్గర మొదలవలేదు. పని దగ్గరే మొదలైంది. తర్వాతి కథంతా చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

ఈస్ట్ నది ఒడ్డున గుడిసెల్లో, ఇరుకు గదుల్లో ఉన్న ఈ పొల్లావాళ్లు 1881లో తమ ఊరి కాపుదల తల్లి కార్మెల్ మాత పేరుతో ఒక పరస్పర సహాయ సంఘం పెట్టుకున్నారు. ఇలాంటి సంఘాలు ఇటలీవాళ్లు ఉన్న ప్రతిచోటా ఉండేవి. అందరూ తలా కొంత వేసుకుంటారు. ఎవరైనా మంచానపడితే అందులోంచి ఇస్తారు. కొత్తగా దిగినవాడికి పని, తలదాచుకునే చోటు చూస్తారు. చనిపోతే మర్యాదగా సాగనంపుతారు. ఈ చివరిది చిన్న విషయం కాదు. ఊరుకాని ఊళ్లో, భాష రాని చోట, దిక్కులేని శవంలా మట్టిలో కలిసిపోతామేమోనన్న భయం ఒంటరి కూలీకి ఎప్పుడూ ఉండేదే. ఆ భయానికి మందు ఈ సంఘం.

మరుసటి ఏడు, 1882 వేసవిలో, 110వ వీధి చివర నది దగ్గర ఒక ఇంటి పెరట్లో వాళ్లు పండుగ చేసుకున్నారు. కార్మెల్ మాత పండుగ జూలై 16న. ముందు పెట్టుకున్నది చిన్న అచ్చు పటం, పొల్లా నుంచి తెప్పించుకున్నది. దాని ముందు మోకరించి జపమాల చెప్పారు. లాటిన్‌లో మరియమ్మ స్తుతి గీతం పాడారు. తర్వాత అందరూ కలిసి కూర్చుని భోజనం చేశారు. అంతే ఆ పండుగ. మరుసటి ఏడు ఒక ఇటలీ గురువు తోడయ్యాడు. మెల్లగా ఒక అద్దె గది వచ్చింది. ఆపైన ఇటలీ నుంచి స్వరూపం, అంటే మాత విగ్రహం, వచ్చింది. ఒంటి మీద నిజమైన బట్టలు, తల మీద నిజమైన మనిషి జుట్టు భుజాల దాకా. దక్షిణ ఇటలీలో మాతను అలాగే చేస్తారు. పట్టుబట్ట మార్చవచ్చు, నగ పెట్టవచ్చు. అమ్మవారికి చీర కట్టి చూసుకునే మనకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

చాలా చరిత్రలు ఈ పెరటిని ఒక్క వాక్యంలో దాటేస్తాయి. నాకైతే అసలు స్థాపన ఇక్కడే కనిపిస్తుంది. బిషప్ ఉత్తర్వు లేదు, స్థలం లేదు, మొదటి ఏడు గురువు కూడా లేడు. జనం ఉన్నారు, పటం ఉంది, ఒక తేదీ ఉంది.

హద్దులు, భాషలు

ఇక చట్టం సంగతి. 16వ శతాబ్దంలో క్యాథలిక్ బిషప్పులంతా కూడిన ట్రెంట్ మహాసభ తర్వాత క్యాథలిక్ విచారణ అంటే నేల మీద గీసిన హద్దు. ఈ వీధి నుంచి ఆ వాగు దాకా ఉండే క్యాథలిక్కులంతా ఫలానా గురువుకు చెందుతారు. ఊళ్లో అందరిదీ ఒకే భాష అయితే ఈ పద్ధతికి ఇబ్బంది లేదు. అమెరికాలో ఒకే వీధిలో ఐరిష్, జర్మన్, పోలిష్, ఇటాలియన్ కుటుంబాలు పక్కపక్కనే ఉన్నాయి. పూజ ఎలాగూ లాటిన్‌లోనే. కానీ ప్రసంగం, ముఖ్యంగా పాపసంకీర్తనం లాటిన్‌లో కుదరవు. తన తప్పులు తన భాషలో తప్ప ఇంకే భాషలో చెప్పుకోగలడు మనిషి?

దీనికి విరుగుడుగా వచ్చిందే జాతి విచారణ. హద్దుల్ని బట్టి కాదు, భాషను బట్టి మనుషులు చెందే విచారణ. దీన్ని మొదలుపెట్టింది ఇటలీవాళ్లు కాదు. ఫిలడెల్ఫియాలో జర్మన్లు 18వ శతాబ్దం చివర్లోనే తమ గుడి కట్టుకున్నారు. అదే ఊళ్లో 1852లో బిషప్ జాన్ నూమన్ ఇటలీవాళ్ల కోసం పాజీ మగ్దలేనా పేరుతో విచారణ పెట్టాడు. అమెరికాలో ఇటలీవాళ్ల మొదటి జాతి విచారణ అదే. కానీ అప్పటికి వాళ్లు పిడికెడు మందే. 1880లో న్యూయార్క్ నగరంలో ఇటలీలో పుట్టినవాళ్లు సుమారు 12 వేలు. 1900 నాటికి దాదాపు 1 లక్షా 45 వేలు. 1880కీ 1920కీ మధ్య మొత్తం అమెరికాకు 40 లక్షలకు పైగా వచ్చారు. ఆ వరదకు హద్దుల లెక్క సరిపోలేదు.

న్యూయార్క్ అగ్రపీఠం, అంటే ఆర్చిబిషప్ పాలన, అప్పట్లో చాలావరకు ఐరిష్‌వాళ్ల చేతుల్లో ఉండేది. వాళ్లు వేరే దారి పట్టారు. కొత్త విచారణ పెట్టరు. ఉన్న గుడి నేలమాళిగను ఇటలీవాళ్లకు ఇస్తారు. మాట్ స్ట్రీట్‌లోని దివ్యరూపధారణ గుడిలో అలాగే జరిగింది. 115వ వీధిలో మాత్రం చేదు ఎక్కువ, ఎందుకంటే అక్కడ గుడి ఇంకొకరిది కాదు.

రాత్రిపూట తవ్వకం

1884లో ఇటలీవాళ్ల బాధ్యతను పల్లోటీన్ అనే గురువుల సభకు అప్పజెప్పారు. విన్సెంట్ పల్లోటీ 1835లో రోమ్‌లో పెట్టిన సభ అది. లండన్‌లో ఇటలీవాళ్లకు గుడి కట్టి, 1863లో ప్రతిష్ఠ చేసిన అనుభవం వాళ్లకుంది. న్యూయార్క్‌కు ఫాదర్ ఎమిలియానో కిర్నర్ వచ్చారు. 115వ వీధిలో స్థలం చూశారు.

తర్వాత జరిగింది ఆ విచారణ తరతరాలుగా చెప్పుకుంటున్న ముచ్చట. ఇటలీ మగవాళ్లు పగలంతా ఎక్కడో ఒకచోట కూలి చేసి వచ్చి, చీకటి పడ్డాక ఇక్కడ పలుగూ పారా పట్టారు. పాత సామాన్లు కొనేవాళ్లు, ఐసు అమ్మేవాళ్లు తమ గుర్రబ్బండ్లు తెచ్చి మట్టి, రాయి తోలారు. ఆడవాళ్లు తినడానికి, తాగడానికి తెచ్చి పెట్టారు. వాళ్ల దగ్గర డబ్బు లేదు. ఉన్నది ఒళ్లు, బండి, గుర్రం. అదే ఇచ్చారు. ఫాదర్ కిర్నర్ కూడా ఆ నేలకే ఒళ్లు ఇచ్చారు. 1887లో విచారణ బడి కడుతుండగా గోడలు కూలి ఆయన చనిపోయారు.

గుడి లేచింది. పై గుడిలో పూజలు ఐరిష్, జర్మన్ కుటుంబాలకు. కింది గుడి ఇటలీవాళ్లకు. జుట్టున్న ఆ మాత స్వరూపం కూడా కిందనే.

ఇది ఒట్టి ద్వేషం అని తేల్చేయడం సులువు. ద్వేషం ఉంది, దాన్ని దాచనక్కర్లేదు. కానీ ఇంకో మూడు ముళ్లు కూడా అందులో పడి ఉన్నాయి.

మొదటిది డబ్బు. ఐరిష్ అమెరికన్ గుడి పూర్తిగా చందాల మీద నడిచేది. బెంచీకి అద్దె, కూర్చునే చోటుకు తలుపు దగ్గరే నాణెం. ఇంగ్లండ్ పాలనలో తమ గుళ్లు పోగొట్టుకుని, పైసా పైసా కూడబెట్టి మళ్లీ కట్టుకున్న జాతికి అది గర్వకారణం. దక్షిణ ఇటలీలో పద్ధతి వేరు. గుడికి మాన్యాలుండేవి, ఊళ్లోని గురువుల సంఘానికి భూములుండేవి. పూజకు వెళ్లేటప్పుడు తలుపు దగ్గర డబ్బివ్వాలంటే వాళ్లకు వింత, కొందరికి అవమానం. వీళ్లు ఏమీ ఇవ్వరని ఐరిష్ గురువులు అన్నారు. దేవుడి దగ్గర కూడా టికెట్టా అని ఇటలీవాళ్లు అనుకున్నారు. అదే మనుషులు పండుగకు మాత్రం ఒంటి మీది బంగారం తీసి ఇచ్చేవాళ్లు. ఇవ్వడం తెలియక కాదు, ఎక్కడ ఇవ్వాలన్నదే తేడా.

రెండోది రోమ్ గొడవ. 1870లో ఇటలీ సైన్యం రోమ్‌ను పట్టుకుంది. పాపుగారు తాను వాటికన్‌లో బందీనన్నారు. ఐరిష్ క్యాథలిక్కుల కళ్లకు ఇటలీవాడంటే పాపుగారి రాజ్యం లాక్కున్నవాడు. పొల్లాలో రాళ్లు కొట్టుకునే కూలీకి దానితో ఏం సంబంధం? కానీ ఆ ముద్ర పడిపోయింది.

మూడోదే అన్నిటికన్నా లోతైనదని నా అభిప్రాయం. భక్తి అంటే ఏమిటన్న తేడా అది. ఐరిష్ గురువుల లెక్కలో మంచి క్యాథలిక్ అంటే ఆదివారం తప్పకుండా పూజకు వచ్చేవాడు, వేదపాఠాలు తెలిసినవాడు. ఇటలీ మగవాళ్లు చాలామంది ఆదివారం గుడి బయటే నిలబడేవాళ్లు. కానీ జూలైలో చూడండి. వీధుల్లో దీపాల తోరణాలు, బ్యాండు. ఆడవాళ్లు ఎండకు కాలే రోడ్డు మీద చెప్పుల్లేకుండా నడుస్తారు. మనిషంత బరువున్న కొవ్వొత్తులు మోస్తారు. జబ్బు నయమైతే ఆ అవయవం మైనపు బొమ్మ చేయించి మాత ముందు పెడతారు. చెయ్యి, కాలు, గుండె. ఇది మతమా, మూఢనమ్మకమా అని పై గుడివాళ్లకు టెన్షన్. ప్రొటెస్టెంట్లు చూసి నవ్వుతారేమోనన్న సిగ్గు కూడా అందులో ఉంది. ఐరిష్‌వాళ్లు అప్పుడప్పుడే అమెరికాలో మర్యాద సంపాదించుకుంటున్న రోజులు అవి.

గుణదల కొండకు వెళ్లి వచ్చినవాళ్లకు ఆ మైనపు బొమ్మలు, చెప్పుల్లేని పాదాలు ఏమిటో చప్పున అర్థమవుతాయి. మనకు దీనితో ఒక చుట్టరికమే ఉంది. మిలాన్‌కు చెందిన మిషనరీ గురువులు 1855లోనే తెలుగు నేలకు వచ్చారు. గుణదలలో 1924లో మాత స్వరూపాన్ని నెలకొల్పిన ఫాదర్ ఆర్లాటి ఆ సభవారే. ఏటా ఫిబ్రవరి తిరునాళ్లకు అక్కడ తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు. మన దగ్గర ఇటలీవాడంటే ఫాదర్‌గారు, భక్తి నేర్పడానికి వచ్చిన పెద్దమనిషి. అదే రోజుల్లో న్యూయార్క్‌లో ఇటలీవాడంటే భక్తి తెలియదని కిందికి పంపిన మనిషి. ఉత్తర ఇటలీ, దక్షిణ ఇటలీ తేడా ఇందులో కొంత ఉందనుకోండి.

రోమ్ నుంచి, బోస్టన్ నుంచి

ఈ నేలమాళిగల మాట మెల్లగా రోమ్ చేరింది. పియచెంజా బిషప్ స్కలబ్రీని తన జనం రైలు స్టేషన్లలో మూటాముల్లెతో వలస వెళ్లడం కళ్లారా చూసి, 1887లో వలసదారుల కోసమే ఒక గురువుల సభ పెట్టాడు. 1888 డిసెంబర్‌లో 13వ లియో పాపుగారు ఇటలీ వలసదారుల దుస్థితి గురించి అమెరికా బిషప్పులకు లేఖ రాశారు. మరుసటి మార్చిలో ఫ్రాన్సెస్ కబ్రీని అనే సిస్టర్ కొద్దిమంది తోటి సిస్టర్లతో న్యూయార్క్‌లో దిగింది. ఆర్చిబిషప్ కొరిగన్ ఆమెను వచ్చిన ఓడలోనే తిరిగి వెళ్లిపొమ్మన్నాడని ప్రసిద్ధి. ఆమె వెళ్లలేదు. 1946లో పునీతురాలు, అంటే సెయింట్, అయింది. అమెరికా పౌరుల్లో మొదటి పునీతురాలు ఆమే.

కొత్త గురువులు రావడంతో గ్రెనిచ్ విలేజ్‌లో 1892లో పొంపేయి మాత విచారణ లాంటివి మొదటినుంచీ ఇటలీవాళ్లవిగానే పుట్టాయి.

ఇంకో ముడి ఆస్తిది. గుడి ఎవరి పేరున ఉండాలి? బోస్టన్ నార్త్ ఎండ్‌లో ఇది తెగేదాకా వెళ్లింది. సాన్ మార్కో సంఘంవాళ్లు 1884లో ఒక పాత నావికుల ప్రార్థనాలయాన్ని తమ డబ్బుతో కొని, మాకు గురువును పంపండి అన్నారు. పట్టా నా పేరున రాస్తేనే అన్నాడు ఆర్చిబిషప్. వాళ్లు రాయలేదు. కొన్న గుడికి ఏళ్ల తరబడి గురువు రాలేదు. స్కలబ్రీని గురువులు మధ్యలోకి వచ్చాకే 1880ల చివర్లో అది తిరుహృదయ విచారణ అయింది. బిషప్ మొండితనానికీ కారణం ఉంది. అంతకుముందు అర్ధశతాబ్దం పాటు అమెరికాలో గృహస్థ ధర్మకర్తలకూ (గురువులు కాని మామూలు విశ్వాసులు) బిషప్పులకూ మధ్య గుళ్ల ఆస్తుల మీద కోర్టు కేసులే నడిచాయి. న్యూయార్క్‌లో 1863 చట్టం దాన్ని తేల్చేసింది. ప్రతి విచారణా ఒక కార్పొరేషన్. ఐదుగురు ధర్మకర్తల్లో బిషప్, ఆయన తర్వాతి అధికారి వికార్ జనరల్, విచారణ గురువు ముగ్గురు. మిగిలిన ఇద్దరు గృహస్థుల్నీ ఆ ముగ్గురే ఎంచుకుంటారు. రాత్రిళ్లు పునాది తవ్వినవాళ్లకు ఆ గుడి మీద చట్టప్రకారం మాట ఎందుకు లేదో ఇక్కడ తెలుస్తుంది. తమ చెమటతో కట్టిన గుడి తమ చేతుల్లో లేదు. చేతుల్లో ఉన్నదల్లా ఆ మాత స్వరూపం, జూలై 16.

కిరీటం కింది గుడికి వచ్చింది

ఆ రెంటితోనే వాళ్లు గెలిచారని నా నమ్మకం. పండుగ ఏటేటా పెరిగింది. చుట్టుపక్కల రాష్ట్రాల నుంచి కూడా జనం రావడం మొదలైంది. 1903లో 13వ లియో పాపుగారు ఈ స్వరూపానికి కిరీటధారణకు అనుమతి ఇచ్చారు. అది మామూలు గౌరవం కాదు. అమెరికా ఖండాల్లో అంతకుముందు మెక్సికో గ్వదలూపే మాత, న్యూ ఓర్లియన్స్ శీఘ్ర సహాయ మాత లాంటి కొద్దిమందికే దక్కింది, ఆ రెంటికీ 1895లో. ఇప్పుడు ఈ కూలీల తల్లికి. కిరీటానికి బంగారం ఎక్కడిది? జనం ఇచ్చిన ఉంగరాలు, నగలు, ఇంటి గుర్తులు కరిగించారు. లియో తర్వాత వచ్చిన 10వ పయస్ పాపుగారు పచ్చరాయి ఇచ్చారు. 1904 జూలై 10న కిరీటం పెట్టారు.

ఆ పండుగ అయ్యాక మాత మళ్లీ కింది గుడికే వెళ్లింది. పాపుగారి కిరీటం పెట్టుకున్న తల్లి, నేలమాళిగలో. ఈ ఒక్క దృశ్యం తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

1919లో ఇటలీవాళ్లు పై గుడికి వచ్చారు. 1923లో స్వరూపాన్నీ పైకి తెచ్చి ప్రధాన పీఠం మీద నిలిపారు. ఎవరో మనసు మార్చుకుని పిలిచారనుకోవడానికి లేదు. పేట మారిపోయింది. ఐరిష్, జర్మన్ కుటుంబాలు వేరే చోట్లకు వెళ్లిపోయాయి, చుట్టూ ఉన్నదంతా ఇటలీ జనమే. చిత్రమేమిటంటే ఇక్కడ ఇటలీవాళ్లు పైకెక్కేవేళకు చట్టం జాతి విచారణలకు తలుపు సగం మూసేసింది. 1917 నాటి క్యాథలిక్ తిరుసభ చట్టం ప్రకారం రోమ్ ప్రత్యేక అనుమతి లేకుండా భాషను బట్టి కొత్త విచారణ పెట్టకూడదు. 1983 చట్టం మళ్లీ కొంచెం తెరిచింది. ఇప్పుడు అవసరమనుకుంటే భాషను బట్టి, జాతిని బట్టి విచారణ పెట్టే అధికారం బిషప్పుదే. అమెరికాలో తెలుగు క్యాథలిక్కులు ఇంకొకరి గుడిలో తీరిక వేళ అడిగి తెలుగు పూజ పెట్టుకుంటున్నారంటే, ఈ పాత ప్రశ్న చుట్టూనే మనవాళ్లూ తిరుగుతున్నారన్నమాట. మనది అని చెప్పుకోవడానికి ముందు గుడి ఉండాలా, ముందు కూడిక ఉండాలా?

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇటలీవాళ్లు ఈస్ట్ హార్లెమ్ వదలడం మొదలుపెట్టారు. పాత ఇళ్లు కూల్చి ప్రభుత్వం పెద్ద అపార్ట్‌మెంట్లు కట్టింది. ప్యూర్టోరికో జనం వచ్చారు. ఒకప్పుడు తమను కిందికి పంపిన తీరులోనే ఇటలీవాళ్లు ఈ కొత్తవాళ్లను చూశారు, మాత తమదేనన్నట్టు. ఆ మాట ఇక్కడ దాచితే పైన ఐరిష్‌వాళ్ల గురించి రాసినదానికి న్యాయం ఉండదు.

తర్వాత హైతీవాళ్లు వచ్చారు. వాళ్ల దేశంలో సో దో అనే జలపాతం దగ్గర ఏటా పెద్ద యాత్ర జరుగుతుంది. అక్కడి తల్లి కూడా కార్మెల్ మాతే, తేదీ కూడా జూలై 16. న్యూయార్క్ చేరిన హైతీ జనం ఈ నగరంలో ఆ రోజు ఎక్కడికి వెళ్లాలని వెతుక్కుంటే 115వ వీధి కనిపించింది. వాళ్లు ఆ పేటలో ఉండరు, ఆ విచారణ హద్దుల్లో పేర్లు లేవు. అయినా నగరం నలుమూలల నుంచి రైళ్లెక్కి వస్తారు. ప్రదక్షిణంలో ఇటలీవాళ్ల ముసలి పిల్లలు కొందరు శివారు ఊళ్ల నుంచి వచ్చి నడుస్తారు, వాళ్ల పక్కన హైతీ ఆడవాళ్లు క్రియోల్ భాషలో పాడుతూ నడుస్తారు. పైన, ప్రధాన పీఠం మీద, పొల్లావాళ్ల తల్లి.